క్రియోల్లో పల్లెల మూలికావైద్యం: అర్జెంటీనా ఆధారాల పరిశీలన

1. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు

స్పానిష్ పాలనాకాలపు పత్రాలలో క్రియోల్లో అంటే అమెరికా గడ్డమీద పుట్టిన స్పానిష్ సంతతివాడు. 19వ శతాబ్ది నాటికి అర్జెంటీనా పల్లెల్లో ఈ మాట పరిధి మారినట్టు కనిపిస్తుంది. స్పానిష్, ఆదివాసీ కుటుంబాలు, కొన్నిచోట్ల ఆఫ్రికన్ మూలాలవారు కూడా తరతరాలుగా కలిసిపోగా ఏర్పడిన గ్రామీణ జనాన్ని క్రియోల్లోలు అన్నారు. పశువుల పెంపకం, కొద్దిపాటి సేద్యం వీరి బతుకుతెరువు. ఆ శతాబ్ది చివర ఇటలీ, స్పెయిన్‌ల నుంచి ఓడలు దిగిన కొత్త వలసదారుల నుంచి పాతకాపులను వేరుచేసి చెప్పడానికి కూడా ఈ మాట ఉపయోగపడింది.

ఇక్కడ పరిశీలించేది దేశపు ఉత్తర భాగం: సాంతియాగో దెల్ ఎస్తేరో, కోర్దోబా కొండలు, చాకో మైదానం, కొరియెంతెస్, మిసియోనెస్ ప్రాంతాలు. కాలం సుమారుగా 18వ శతాబ్ది మొదలు 1930 దాకా. ఈ ప్రాంతాల క్రియోల్లోలందరూ ఒకే సముదాయం కారు. సాంతియాగోలో అనేక క్రియోల్లో కుటుంబాలు నేటికీ ఇంకాల భాష అయిన కిచువా మాట్లాడతాయి. చాకో మైదానంలోని ఫోర్మోసా పడమటి భాగపు క్రియోల్లోలు చాలావరకు కొత్తగా వచ్చినవారు. దొమింగో ఆస్త్రాదా 1902లో సాల్టా వైపు నుంచి పశువుల మందలతో కుటుంబాలను తీసుకువచ్చి పిల్కొమాయో నది ఒడ్డున కొలోనియా బుయెనవెంతూరా స్థాపించిన తరువాతనే ఆ వైపు స్థిరనివాసం బలపడింది. కాబట్టి ‘క్రియోల్లో వైద్యం’ అని ఏకవచనంలో చెప్పడం సౌలభ్యం కోసమే తప్ప, ఒకే సంప్రదాయం ఉండేదని నిరూపణ అయినందువల్ల కాదు.

2. ఆధారాలు, వాటి బలాబలాలు

2.1. ఈ విషయం మీద అందరూ మొదట ఎత్తే పేరు పెద్రో మోంతెనెగ్రో (1663–1728). స్పెయిన్‌లోని గలీసియాలో పుట్టి, జెసూట్ అనే కాథలిక్ మతసంఘంలో సోదరుడిగా చేరి, గ్వారానీ ప్రజల మధ్య నెలకొల్పిన మిషన్ గ్రామాలలో వైద్యం చేసినవాడు. ఆయన పేరుతో ప్రసిద్ధమైన ‘మాతేరియా మేదికా మిసియోనేరా’ చేతిరాత ప్రతి మీద 1710 అన్న సంవత్సరం ఉంది. అచ్చులోకి చాలా ఆలస్యంగా వచ్చింది. మాన్యుయెల్ రికార్దో త్రెల్లెస్ తన పత్రికలో 1888లో ప్రకటించారు. బ్వేనస్ ఐరిస్ జాతీయ గ్రంథాలయం 1945లో పుస్తకంగా తెచ్చింది. మధ్యలో ఒకటిన్నర శతాబ్దం పైగా ఇది చేతిరాత ప్రతులుగానే చేతులు మారింది. ప్రతుల మధ్య తేడాలున్నాయి.

గ్రంథకర్త ఎవరన్న విషయంలోనే ఒక పాత వివాదం ఉంది. చాలాకాలం ఈ తరహా రచనల ఘనతను సిగిస్ముండ్ ఆస్పెర్గెర్ (1687–1772) అనే మరొక జెసూట్ వైద్యుడికి కట్టబెట్టారు. ఆయన ఇన్స్‌బ్రుక్‌లో పుట్టినవాడు. 1767లో స్పెయిన్ రాజు జెసూట్‌లను వెళ్లగొట్టినప్పుడు వార్ధక్యం వల్ల ప్రయాణం చేయలేక మిసియోనెస్‌లోనే ఉండిపోయి అక్కడే కన్నుమూశాడు. దీర్ఘాయుష్షు, ఆ చివరి ఒంటరితనం ఆయన పేరును జనం నోట నిలిపి ఉండవచ్చు. అయితే ఆయన ఆ దేశంలో కాలు పెట్టింది 1717లో. 1710 నాటికి ఆయనకు 23 ఏళ్లు. ఇంకా యూరప్‌లోనే ఉన్నాడు. ప్రతిమీది సంవత్సరం సరైనదైతే మూలగ్రంథం ఆస్పెర్గెర్‌ది అయ్యే అవకాశం లేదు. తరువాతి ప్రతులలో ఆయన చేర్పులు కలిసి ఉండవచ్చునన్న సంభావ్యతను మాత్రం ఈ తేదీ తోసిపుచ్చదు.

అంతకన్నా ముఖ్యమైన అభ్యంతరం మరొకటి ఉంది. మోంతెనెగ్రో రాసింది మిషన్ గ్రామాల గ్వారానీల మధ్య తన వైద్యానుభవం. క్రియోల్లో పల్లెలను గురించి కాదు. మొక్కల గుణాలను ఆయన ప్రాచీన గ్రీకు వైద్యులు దియోస్కోరిడీస్, గాలెన్‌ల సంప్రదాయంలో వేడి, చలువ, పొడి, తడి అని మెట్లవారీగా నిర్ణయించాడు. కనుక ఆ గ్రంథంలో ఒక మొక్క ‘వేడి’ అని ఉంటే, అది గ్వారానీ స్త్రీ చెప్పిన మాటో, ఆయన మాడ్రిడ్ ఆసుపత్రిలో నేర్చిన చదువో విడదీయడం కష్టం. తరువాతి క్రియోల్లో వాడుకకు ఇది పరోక్ష సాక్ష్యమే. ఈ హద్దు గమనించకుండా 1710 నాటి వాక్యాన్ని నేరుగా 20వ శతాబ్ది పల్లెకు అతికించిన రచనలు తక్కువేమీ కాదు.

2.2. న్యాయస్థానాల దస్త్రాలు రెండవ రకం. సాంతియాగో దెల్ ఎస్తేరో ప్రాంతంలోని తువామా గ్రామంలో 1761లో లోరెన్సా, పాంచా అనే ఇద్దరు ఆదివాసీ స్త్రీల మీద చేతబడి నేరం మోపి విచారించారు. చరిత్రకారిణి హుడిత్ ఫార్బెర్మన్ 2005లో వెలువరించిన పుస్తకంలో ఈ కేసును లోతుగా పరిశీలించారు. చేటు చేయగలిగినవారే నయం చేయగలరన్న నమ్మకం ఇలాంటి విచారణలలో తొంగిచూస్తుంది. అయినా వైద్యుల గొంతు ఇక్కడ నిందితుల గొంతుగానే వినిపిస్తుంది. భయంలో, హింస నీడలో ఇచ్చిన వాంగ్మూలాన్ని మూలికల పట్టికగా చదవడం న్యాయం కాదు. మూలికలు తెలిసిన స్త్రీలు ఆ సమాజంలో ఉండేవారని, వారిని జనం ఆశ్రయించేవారని, అనుమానించేవారని మాత్రం దీనివల్ల తెలుస్తుంది.

2.3. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు గియోర్గ్ హీరోనిముస్ కోర్దోబాలో పనిచేస్తూ 1882లో ‘ప్లాంటే డయాఫోరికే ఫ్లోరే అర్జెంటీనే’ ప్రకటించారు. దేశపు మొక్కలలో మేలు చేసేవి, కీడు చేసేవి ఏవో శాస్త్రీయ నామం, స్థానిక నామం, వాడుక పక్కపక్కనే పెట్టి చెప్పిన గ్రంథమిది. గుర్తింపు విషయంలో తక్కిన పాత ఆధారాలన్నిటికన్నా దీనిమీద ఎక్కువగా ఆధారపడవచ్చు. కానీ ఏ వాడుక ఏ ఊరిలో, ఎవరి నోట విన్నదో చాలాచోట్ల తెలియదు. మొక్క నిశ్చయమైంది, మనిషి కనిపించడు.

2.4. క్రియోల్లో గ్రామాల నుంచే నేరుగా వచ్చిన అతిపెద్ద ఆధారం 1921 నాటి జాతీయ జానపద సర్వే. జాతీయ విద్యామండలి సభ్యుడు హువాన్ పి. రామోస్ ప్రతిపాదనపై, మండలి కింద ఉన్న ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు తమ ఊళ్లలోని పాటలు, కథలు, నమ్మకాలు, నాటు జ్ఞానం సేకరించి పంపారు. 1905 నాటి లాయినెస్ చట్టం (4874) కింద రాష్ట్రాలలో తెరిచిన పల్లె బడులు ఇందులో ముఖ్యమైనవి. సేకరణ ప్రణాళికలోని నాలుగు భాగాలలో చివరిది ప్రజల శాస్త్రజ్ఞానం: వైద్యం, మొక్కలు, జంతువులు, నక్షత్రాలు మొదలైనవి. వచ్చిన కాగితాలను బ్వేనస్ ఐరిస్ విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. 1925 నుంచి 1938 దాకా వాటి సూచీలు వెలువడ్డాయి. గుస్తావో స్కార్పా, సింతియా రోస్సో వంటి పరిశోధకులు ఇటీవల ఈ కాగితాలలోని మొక్కలను ఒక్కొక్కటిగా గుర్తించే పని చేపట్టారు.

ఈ సర్వే విలువ చాలా గొప్పది. పట్నం పండితుడు కాక, అదే ఊళ్లో బతికే బడిపంతులు, చాలాచోట్ల పంతులమ్మ, ఊరి వృద్ధులను అడిగి రాసిన కాగితాలివి. అయితే వీటిని చదివేటప్పుడు నాలుగు జాగ్రత్తలు అవసరమనిపిస్తుంది.

(అ) సర్వే ఉద్దేశం జాతీయత. వలసదారుల వెల్లువలో పాత క్రియోల్లో సంస్కృతి మునిగిపోతున్నదన్న ఆందోళన దాని వెనుక ఉంది. పాతదిగా తోచినదాన్ని రాయమని, ఆధునికంగా, పరాయిగా తోచినదాన్ని వదలమని ఉపాధ్యాయులకు సూచనలు అందాయి. అందువల్ల ఇటాలియన్ పొరుగువారి వద్ద నేర్చిన మందు ఊరిలో నిజంగా వాడుకలో ఉన్నా కాగితంలోకి ఎక్కకపోయి ఉండవచ్చు.

(ఆ) పరిశుభ్రత పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు చాలామందికి ఇవి ‘మూఢనమ్మకాలు’. ఆ శీర్షిక కిందనే రాసిన మందులు అనేకం. వింతగా ఉన్నది రాతకెక్కి, రోజూ కాచుకునే మామూలు కషాయం జారిపోయి ఉండే అవకాశం ఉంది.

(ఇ) అదే 1921లో అర్జెంటీనా కొత్త శిక్షాస్మృతి (చట్టం 11179) ఆమోదం పొందింది. దాని 208వ సెక్షన్ అర్హత లేని వైద్యాన్ని జైలు శిక్షకు తగిన నేరంగా నిర్ణయించింది. ఇలాంటి నిషేధాలు అంతకుముందూ వేర్వేరు రూపాల్లో ఉన్నాయి. ఈ వాతావరణంలో ఊరి నాటువైద్యురాలు ప్రభుత్వ బడి ఉపాధ్యాయుడికి తనకు తెలిసిందంతా చెప్పి ఉంటుందా అన్న సందేహం సహజం. ఇది ఊహే కాని, బలమైన ఊహ.

(ఈ) ఉపాధ్యాయులు మొక్కల పేర్లు రాశారు. ఎండబెట్టిన నమూనాలు సాధారణంగా జతచేయలేదు. దీని పర్యవసానం మూడవ భాగంలో చూడవచ్చు.

2.5. వైద్యుడు ఓరెస్తె ది లుల్లో (1898–1983) 1929లో ప్రకటించిన ‘లా మెదిసినా పోపులార్ దె సాంతియాగో దెల్ ఎస్తేరో’ మరొక మెట్టు. రోగులను రోజూ చూసే వైద్యుడే జనవైద్యాన్ని రాయడం వల్ల రోగ లక్షణాల వర్ణనకు నమ్మకం పెరుగుతుంది. అడవి కూలీలకు కెబ్రాచో కొలొరాదో చెట్టు తగిలి ఒళ్లు వాచి పొక్కులు లేచే జబ్బును స్థానికులు ‘పాఆఖ్’ అనేవారు. దానిని చర్మవ్యాధిగా వైద్యశాస్త్రానికి పరిచయం చేసింది ది లుల్లోనే. ఈ చెట్టు మన నల్లజీడి కుటుంబానికే చెందింది. నల్లజీడి రసం తగిలి ఒళ్లు కాలినవారికి ఆ కూలీల బాధ విడమరిచి చెప్పనవసరం లేదు. అదే కుటుంబపు మరొక చెట్టు అరువేరా. దాని కిందినుంచి వెళ్లేటప్పుడు పొద్దున్నే ‘సాయంకాల వందనం’ అని, సాయంత్రం ‘ప్రాతఃకాల వందనం’ అని తిరగేసి పలకరిస్తే చెట్టు హాని చేయదన్న ఆచారం ఉరుగ్వే, అర్జెంటీనా పల్లెల్లో నమోదైంది. పలకరింపు వల్ల దద్దురు ఆగదు. కానీ ఏ చెట్టు ప్రమాదమో పిల్లలకు గుర్తుండిపోవడానికి ఆ ఆచారం ఉపకరించి ఉండవచ్చు.

3. పేరు ఒకటి, మొక్కలు అనేకం

3.1. పాత కాగితాలలోని పేరును నేటి మొక్కతో ముడిపెట్టడంలో ఎంత ప్రమాదం ఉందో ‘కొంత్రయెర్బా’ ఒక్కటే చాలు చెప్పడానికి. విషానికి విరుగుడుగా పేరుపడ్డ ఈ మూలిక పేరు స్పానిష్ వైద్యగ్రంథాలలో మొదట మధ్య అమెరికా వైపు డార్స్టేనియాకు అన్వయించింది. అర్జెంటీనాలో అదే పేరు డార్స్టేనియా బ్రసిలియెన్సిస్‌కూ, ట్రిక్సిస్ జాతి మొక్కలకూ, ఫ్లావేరియా బైడెంటిస్‌కూ చెల్లింది. మొదటిది మర్రి, మేడి చెట్ల కుటుంబానిది; తక్కిన రెండూ చామంతి కుటుంబానివి. వీటి మధ్య బంధుత్వం లేదు. కాబట్టి ‘పాముకాటుకు కొంత్రయెర్బా’ అని మాత్రమే రాసి ఉన్న కాగితం చేతికి వస్తే, ఊరు తెలియనిదే మొక్క తెలియదు. ఊరు తెలిసినా, ఆ ఊరి పరిసరాలలో పైవాటిలో ఒకటే పెరుగుతుందని తేలినప్పుడే గుర్తింపు సంభావ్యమవుతుంది. అప్పుడు కూడా ‘సంభావ్యం’ అనే అనాలి.

3.2. ‘అల్గర్రోబో’ది వేరే చిక్కు. స్పానిష్‌వారు తమ దేశపు కారబ్ చెట్టు కాయలను పోలిన కాయలు చూసి ప్రోసోపిస్ జాతి చెట్లు అనేకంటికి ఈ పేరు పెట్టారు. చాకో, సాంతియాగో పల్లెల్లో ప్రోసోపిస్ ఆల్బా, ప్రోసోపిస్ నైగ్రా కాయలు ఆకలి తీర్చాయి; వాటిని నానబెట్టి పులియబెడితే ‘అలోహా’ అనే పానీయం అయింది; కళ్ల జబ్బులకు లేత ఆకు కషాయంతో కళ్లు కడిగేవారు. తెలుగు పాఠకులకు ఈ జాతి కొత్తది కాదు. మన సర్కారు తుమ్మ ప్రోసోపిస్ జూలిఫ్లోరా. సాధారణంగా చెప్పే కథనం ప్రకారం 1877 ప్రాంతంలో జమైకా విత్తనాలతో కడప జిల్లా కమలాపురం వద్ద దానిని మొదట నాటారు. అయితే జూలిఫ్లోరా సొంత నేల మధ్య అమెరికా, కరీబియన్ వైపు. చాకో చెట్లు వేరు. క్రియోల్లోల అల్గర్రోబో వాడుకను సర్కారు తుమ్మకు వర్తింపజేసి కళ్లలో వేసుకోవడం ప్రమాదకరం; ఆ సలహాకు ఇక్కడ ఏ ఆధారమూ లేదు.

4. ఆగస్టు ఒకటి నాటి సదాప సారా

4.1. కొరియెంతెస్, మిసియోనెస్, పరాగ్వే పల్లెల్లో ఆగస్టు 1న తెల్లవారుతూనే ‘కాన్యా కోన్ రూడా’ అనే మందును పరగడుపున తాగుతారు. చెరకు సారాలో రూడా రెబ్బలు ఊరబెట్టి సిద్ధం చేస్తారు. దక్షిణార్ధగోళంలో అది చలికాలపు చివరి అంచు; ముసలివారిని, పసిపిల్లలను, పశువులను ఎత్తుకుపోయే నెలగా ఆగస్టుకు పేరు. రూడా అంటే తెలుగు ఇళ్ల పెరట్లో పెంచే సదాపాకు జాతి. ఈ ఆచారం స్పానిష్‌వారు రాకముందునుంచే గ్వారానీలలో ఉందన్న మాట చాలా ప్రచారంలో ఉంది. పత్రికలు ఏటా ఆ తేదీకి అదే రాస్తాయి.

4.2. ఈ మాటను పరీక్షించడానికి మొదట చూడవలసింది పదార్థాలను. (అ) రూడా మధ్యధరా తీరపు మొక్క. అమెరికాకు యూరప్ వారితోనే వచ్చింది. (ఆ) చెరకు ఆసియా మొక్క; కొలంబస్ 1493 నాటి రెండవ ప్రయాణంలో కరీబియన్ దీవులకు చేరింది. (ఇ) బట్టీలో కాచి దించిన చెరకు సారా అంతకన్నా తరువాతిది. (ఈ) ఆగస్టు 1 అన్న తేదీకి మూలం యూరప్ కాలెండర్. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ కొలంబస్‌కు ముందరి గ్వారానీ గ్రామంలో ఉండే అవకాశం లేదు. కాబట్టి నేటి రూపంలో ఆ ఆచారం అంత పాతది కాదని నిస్సందేహంగా చెప్పవచ్చు.

4.3. కానీ అంతటితో గ్వారానీ మూలం అబద్ధమని తేల్చడం కూడా తొందరే అవుతుంది. చలికాలం కష్టదినాలలో అడవి మూలికలతో ఏదో పానీయం తాగే పాత ఆచారం ఉండి, ఆ మూలికల స్థానంలో రూడా, పానీయం స్థానంలో సారా చేరి ఉండవచ్చునని కొందరు వాదిస్తారు. అలాంటి మార్పిడి అసంభవం కాదు. దానికి కావలసింది జెసూట్‌ల కాలపు పత్రాలలో ఆ కాలానికి, ఆ పనికి సంబంధించిన ఒక్క స్పష్టమైన ఉల్లేఖం. అది లభించేంతవరకు ఈ వాదం సాధ్యతగానే మిగులుతుంది. మరోవైపు రూడాను దుష్టశక్తులను తోలే మొక్కగా మధ్యధరా దేశాలలో ప్రాచీనకాలం నుంచి వాడినట్టు పుష్కలంగా ఆధారాలున్నాయి. ఉన్న ఆధారాలు ప్రస్తుతానికి ఆ వైపే మొగ్గుతున్నాయి.

5. ఎంపాచో, పాయికో

5.1. క్రియోల్లో ఇళ్లలో పసిపిల్లలకు తరచుగా చెప్పే జబ్బు ఎంపాచో. తిన్నది కడుపులో అంటుకుపోయి అరగకుండా నిలిచిందని భావించే అజీర్తి ఇది. చికిత్సలో మూలిక ఒక భాగమే. బిడ్డను బోర్లా పడుకోబెట్టి వెన్నుపూస పొడవునా చర్మాన్ని వేళ్లతో పట్టి చిటుక్కుమనేట్టు లాగడం, రిబ్బనుతో మూరలు కొలిచి జబ్బు ఉందో లేదో నిర్ణయించడం, వాటితోపాటు ప్రార్థన, ఆ తరువాత కషాయం. సురి అనే పెద్ద పక్షి కడుపు పొరను ఎండబెట్టి పొడిచేసి ఇవ్వడం కూడా విస్తారంగా నమోదైంది.

5.2. ఎంపాచో అన్న భావన స్పెయిన్ నుంచి వచ్చిందని చెప్పడానికి ఆధారాలు గట్టివి. మెక్సికో మొదలుకొని అర్జెంటీనా దాకా, ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆదివాసీ భాషల మధ్య, ఇదే పేరు, ఇంచుమించు ఇవే లక్షణాలు కనిపిస్తాయి. మెక్సికో పరిశోధకుడు రోబెర్తో కాంపోస్ నవారో ఈ జబ్బు మీద పాత పత్రాలను దేశాలవారీగా సేకరించి ప్రకటించారు. అంత విశాలమైన భూభాగంలో ఒకే జబ్బు విడివిడిగా పుట్టి ఒకే పేరు పొందిందనడం కన్నా, ఒకే పాలనతో వ్యాపించిందనడం సులువైన వివరణ.

5.3. మందుల దగ్గరకు వచ్చేసరికి చిత్రం మారుతుంది. ఎంపాచోకు సాంతియాగో, చాకో పల్లెల్లో ఇచ్చిన ముఖ్యమైన మొక్కలలో ఒకటి పాయికో (డిస్ఫానియా ఆంబ్రోసియోయిడెస్). మొక్క అమెరికాది, పేరు కిచువాది. మరొకటి ‘యెర్బా దెల్ పొల్యో’ (ఆల్టర్నాంథెరా పంజెన్స్), మన పొన్నగంటి కూర జాతికి చెంది, ఇప్పుడు భారతదేశపు దారుల పక్కన కూడా నేలబారుగా పాకుతూ ముళ్లతో కాళ్లకు గుచ్చుకునే కలుపు. అంటే జబ్బు ఊహ బయటిది, మందు స్థానికం అన్న సూత్రం ఇక్కడ సరిపోతున్నట్టు కనిపిస్తుంది.

5.4. ఈ సూత్రాన్ని కూడా ఆచితూచి వాడాలి. కిచువా పేరు ఉన్నంతమాత్రాన వాడుక ఇంకాల కాలం నాటిదని చెప్పలేము. సాంతియాగోకు కిచువా ఎప్పుడు వచ్చిందన్నదే వివాదం. స్పానిష్ ఆక్రమణకు ముందే వచ్చిందని కొందరు, ఆక్రమణదారుల వెంట పెరూ వైపు నుంచి వచ్చిన సేవకులతో, మతబోధకులతో వచ్చిందని దొమింగో బ్రావో వంటివారు. రెండవది నిజమైతే పాయికో అన్న పేరు కూడా వలసపాలనతో ప్రయాణించి ఉండవచ్చు. మొక్కను అంతకుముందు స్థానికులు మరో పేరుతో వాడి ఉండవచ్చు, వాడకపోయి ఉండవచ్చు.

5.5. పాయికో పనిచేస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు కొంత స్పష్టం. దాని నూనెలోని ఆస్కరిడోల్ పేగుల్లోని పురుగులను చంపుతుంది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో కొక్కెపురుగులకు చాలా దేశాల వైద్యులు ఈ నూనెనే వాడారు. మోతాదు మించితే ప్రాణాంతకమని ఆ అనుభవంలోనే తేలింది. తరువాత సురక్షితమైన మందులు రాగానే పక్కన పెట్టారు. నూనెకూ ఆకు కషాయానికీ బలంలో చాలా తేడా ఉంది. అందువల్ల పల్లె తల్లులు వాడిన కషాయం విషమనడానికీ, నిరపాయమనడానికీ ఆ నూనె చరిత్ర సరిపోదు. పురుగుల వల్ల కడుపుబ్బిన పిల్లలకు ఎంపాచో పేరుతో పాయికో ఇచ్చిన సందర్భాలలో కొన్నింట నిజంగా మేలు జరిగి ఉంటుందని అనుకోవడం మాత్రం అసంగతం కాదు.

6. చలిజ్వరం, కెబ్రాచో బ్లాంకో బెరడు

తుకుమాన్, సాల్టా, సాంతియాగో ప్రాంతాలను మలేరియా శతాబ్దాలపాటు పీడించింది. జనం దానిని ‘చూచో’ అన్నారు. ప్రభుత్వం 1907లో మలేరియా నివారణకు ప్రత్యేక చట్టం (5195) చేసి క్వినైన్ పంపిణీకి పూనుకుంది. అంతకుముందు, క్వినైన్ అందని చోట, కెబ్రాచో బ్లాంకో (ఆస్పిడోస్పెర్మా కెబ్రాచో-బ్లాంకో) బెరడు చేదు కషాయం జ్వరానికి విరుగుడుగా వాడుకలో ఉన్నట్టు 19వ శతాబ్ది రచనలు చెబుతున్నాయి. ఆ పేరు విని బెరడును జర్మనీకి పంపారు. ఫ్రౌడె 1878లో దాని నుంచి ఆస్పిడోస్పెర్మిన్ అనే ఆల్కలాయిడ్‌ను వేరుచేశారు. ఎర్లాంగెన్ వైద్యుడు ఫ్రాంజ్ పెన్జోల్ట్ 1879లో ప్రకటించిన పరీక్షలలో జ్వరం మీద ఆశించిన ఫలితం రాలేదు. ఆయాసం తగ్గించే గుణం కనిపించింది. ఆపైన ఈ బెరడు కొన్ని దశాబ్దాలపాటు యూరప్ ఔషధశాలల్లో ఆయాసానికి మందుగా చెలామణి అయింది.

ఇందులో గమనించవలసింది వరుస. పల్లెలో జ్వరానికి మందుగా ప్రసిద్ధి. ప్రయోగశాలలో వేరొక గుణం. ఆ తరువాత అర్జెంటీనాలో అచ్చయిన మూలికా పుస్తకాలలో ఆయాసానికి కూడా ‘సంప్రదాయ’ ఔషధంగా ప్రస్తావన. ఆయాసానికి వాడటం పల్లెలో ముందునుంచే ఉందా, లేక జర్మన్ ఫలితం పుస్తకాల ద్వారా పల్లెకు దిగిందా? 1879కి ముందరి తేదీతో ఆయాసం ప్రస్తావన ఉన్న స్థానిక పత్రం మాత్రమే దీనిని తేల్చగలదు. సంప్రదాయం పుస్తకాలలోకి వెళ్లడం ఎంత సాధారణమో, పుస్తకం సంప్రదాయంలోకి దిగడమూ అంతే సాధారణం. జానపద వైద్యం మీద పనిచేసేవారు ఈ రెండవ దారిని తగినంతగా లెక్కలోకి తీసుకోవడం లేదనిపిస్తుంది.

7. వేడి, చలువ

క్రియోల్లోలు ఆహారాన్ని, మందును, జబ్బును వేడి, చలువ అని విభజించారు. వేడి జబ్బుకు చలువ మందు, చలువ జబ్బుకు వేడి మందు. చాకో పడమటి పల్లెల్లో ఈ పద్ధతిని స్కార్పా తన క్షేత్రపరిశోధనలో వివరంగా నమోదు చేశారు. దీని మూలం మీద లాటిన్ అమెరికా పండితుల్లో పెద్ద చర్చ సాగింది. అమెరికన్ మానవశాస్త్రవేత్త జార్జ్ ఫాస్టర్ 1953లో రాసిన వ్యాసం మొదలు 1994లో వెలువడిన పుస్తకం దాకా, ఇది హిప్పోక్రటీస్, గాలెన్‌ల దేహధాతు సిద్ధాంతం స్పెయిన్ ద్వారా వచ్చి ప్రజలలోకి ఇంకిన రూపమేనని వాదించారు. మెక్సికో చరిత్రకారుడు ఆల్ఫ్రెదో లోపెస్ ఆస్టిన్ 1980లో, కనీసం మెక్సికో ప్రాంతంలో, ఈ ద్వంద్వ విభజన స్పానిష్‌వారికి ముందునుంచే ఉందని ప్రతిపాదించారు.

మెక్సికో ఆధారాన్ని చాకోకు తేవడం కష్టం. చాకో ఆదివాసీ సమాజాలలో చికిత్స ప్రధానంగా షామన్ (ఆత్మలతో సంభాషించి నయం చేసే వ్యక్తి) గానం, ఊదడం, పీల్చడం చుట్టూ తిరిగిందని, మూలికల పాత్ర తక్కువని కొందరు పరిశోధకుల అభిప్రాయం. అది సరైనదైతే అక్కడి క్రియోల్లోల మూలికావైద్యం ఆదివాసుల నుంచి యథాతథంగా అందిందన్న వాదం బలహీనపడుతుంది. కొన్ని మొక్కల విషయంలో జ్ఞానం క్రియోల్లోల నుంచి ఆదివాసులకు వెళ్లి ఉండే అవకాశం కూడా తెరుచుకుంటుంది. కానీ షామన్ చికిత్స బయటివారి కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడేది, ఇంటి స్త్రీలు చేసే ఆకు పసరు వైద్యం కనబడనిది. చాకోను చూసి రాసినవారిలో అత్యధికులు పురుషులు: మతబోధకులు, సైనికులు, యాత్రికులు. వారు చూడనిది లేనట్టు కాదు.

వేడి చేయడం, చలువ చేయడం తెలుగువారికి పుట్టినప్పటినుంచి తెలిసిన మాటలు. గ్రీకు వైద్యం అరబ్బుల ద్వారా ఒకవైపు స్పెయిన్‌కు, మరొకవైపు యునానీ పేరుతో భారతదేశానికి చేరిన సంగతి చరిత్రలో స్పష్టం. అయినా ఆయుర్వేదంలో ఉష్ణ, శీత వీర్యాల విభజన యునానీ రాకకు చాలా ముందుది. సామ్యం ఉన్నచోటల్లా ఒకే మూలం ఉండనవసరం లేదని మన సొంత ఉదాహరణే చూపుతున్నది. ఫాస్టర్ వాదం చాకోకు వర్తించే అవకాశం ఎక్కువ; ప్రపంచమంతటికీ వర్తించదు.

8. ఇంతవరకు అనగలిగింది

అర్జెంటీనా ఉత్తర ప్రాంతపు క్రియోల్లో వైద్యంలో రోగాలను ఊహించే తీరు ప్రధానంగా స్పెయిన్ నుంచి వచ్చిందని, మొక్కలలో గణనీయమైన భాగం స్థానికమని అనడానికి ఆధారాలు చాలు. ఏ మొక్క వాడుక ఏ సముదాయం నుంచి ఏ సముదాయానికి వెళ్లిందన్న ప్రశ్నకు మొక్కవారీగా, ఊరివారీగా తప్ప సమాధానం లేదు. 1921 కాగితాలు 1921లో జనం ఏమి గుర్తుంచుకున్నారో చెబుతాయి. వాడుక పుట్టిన తేదీ చెప్పవు. ‘అనాదిగా’ అన్న మాటను ఈ రంగంలో తేదీ ఉన్న పత్రం పక్కన పెట్టనిదే అంగీకరించకూడదు.

నష్టం జరిగింది ఎక్కువగా చిన్న విషయాలలో. ఆ ఉపాధ్యాయులు ప్రతి మందు పక్కన ఒక రెమ్మను కాగితాల మధ్య ఎండబెట్టి పంపి ఉంటే, చెప్పిన స్త్రీ వయసు, ఆమె ఎవరి దగ్గర నేర్చుకున్నదీ ఒక్క ముక్క రాసి ఉంటే, పై సందేహాలలో సగం ఈపాటికి తీరేవి. తెలుగునాట నల్లమలలో చెంచుల వద్ద, మన్యంలో, తెలంగాణ తండాల్లో నాటుమందులు సేకరిస్తున్న విద్యార్థులకు, ఉపాధ్యాయులకు విన్నపం ఇదే: పేరుతోపాటు పూతతో ఉన్న కొమ్మ నమూనా, ఊరు, తేదీ, వాడే భాగం, మోతాదు, అనుపానం, చెప్పినవారికి అది ఎలా తెలిసిందన్న వివరం, వారి అనుమతి తప్పక రాసి ఉంచండి. విన్నదానిని, పుస్తకంలో చదివినదానిని వేర్వేరు పుటల్లో రాయండి.